సుద్దగీత దాటని నారింజ

కటింగ్ మాస్టరుకు ఒక గొప్ప ఉండేది. కత్తెర పట్టిన నాటి నుంచి తన చేతిలో ఒక్క గుడ్డ కూడా పాడుకాలేదని. ఈ మాట ఆయన అడిగినవాళ్ళకూ చెప్పేవాడు, అడగనివాళ్ళకూ చెప్పేవాడు. కొలతలు ఇవ్వడానికి వచ్చిన మనిషి ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నప్పుడు మరీ తీరిగ్గా చెప్పేవాడు. నడుము చుట్టూ టేపు ఉన్నవాడు ఎక్కడికి పోతాడు, వినక తప్పేది కాదు.

నిజానికి ఒక గుడ్డ పాడయింది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోవారు ఆయన భార్య.

అప్పటికామె భార్య కాదు, షాపులో కాజాలు కుట్టే పిల్ల. పెద్ద షాపే అది. ముందు గదిలో నిలువుటద్దం, పొడుగాటి బల్ల, బల్ల వెనక మాస్టరు. నడిమి గదిలో మిషన్లు. ఆ వెనక గదిలో చాప మీద కూర్చుని, కిటికీ వెలుతురుకు చొక్కాలు పట్టి చూసుకుంటూ కాజాలు, గుండీలు కుట్టే ఆడవాళ్ళు. అందరిలోకీ చిన్నదైన ఆమెను కాజాలమ్మ అని పిలిచేవారు. మాస్టరు నోరు మంచిది కాదు. కాజా అంచున దారం బిగువు తగ్గితే చాలు, చొక్కా విసిరికొట్టి ఏడు తరాలనూ ఏకరువు పెట్టేవాడు. మిగతావాళ్ళు తల దించుకునేవారు. కాజాలమ్మ మాత్రం విసిరిన చొక్కా తీసి, దులిపి, "గుడ్డేం చేసింది మాస్టారూ, తిట్టేదేదో నన్ను తిట్టండి, ఇక్కడే ఉన్నాగా" అనేది.

షాపు వెనక కుళాయి ఉండేది. కుళాయి పక్కన ఒక నారింజ చెట్టు. ఎవరూ వేసింది కాదు, కుళాయి దగ్గర ఒలికిన నీళ్ళు తాగి దానంతటది పెరిగింది. కాయ చిన్నది, తొక్క పల్చన. నోట్లో వేసుకోగానే పులుపు, నమిలితే తీపి, మింగాక గొంతు చివర సన్నగా చేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పనివాళ్ళంతా దాని కింద చేరి తలా ఒక తొన తినేవారు. మాస్టరు మాత్రం వెళ్ళేవాడు కాదు. పనివాళ్ళతో కలిసి కాయలు తింటే రేపు నా మాట ఎవడు వింటాడు అని ఆయన లెక్క.

ఒకరోజు కాజాలమ్మను ఆయన అంతకు ముందెన్నడూ తిట్టనంత తిట్టాడు. ఆమె లేచి దొడ్లోకి పోయి, కాయ ఒకటి కోసి, దారాలు తెంపే బ్లేడుతో రెండు చెక్కలు చేసి, ఒక చెక్క తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. బల్ల మీద పరిచి ఉన్నది ఎవరో పెళ్ళికొడుకు కోటు గుడ్డ. మీగడ రంగుది. రసం దిగి మరక పడింది. మాస్టరు ఒంటికాలి మీద లేవాలి కదా, లేవలేదు. అటూ ఇటూ చూసి, ఆ చెక్క తినేసి, మరక లోజేబు వెనక్కి పోయేటట్టు సుద్దగీతలు చెరిపి మళ్ళీ గీసుకున్నాడు. పెళ్ళికొడుకు ఆ కోటు వేసుకుని ఎన్ని ఫోటోలు దిగాడో తెలియదు గానీ, ఆ ఏడే మాస్టరూ కాజాలమ్మా కూడా పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయ్యాక కూడా ఆమె ఆయనను మాస్టారూ అనే పిలిచింది. పిల్లలు కలగలేదు. దాని గురించి ఇద్దరూ కొన్నాళ్ళు బాధపడి, తరువాత ఊరుకున్నారు.

ఆ తరువాత రెడీమేడ్ బట్టలు వచ్చి పడ్డాయి. షాపులో ఒక్కొక్క మిషనుకూ ముసుగు పడుతూ వచ్చింది. కొలతలకు వచ్చేవాళ్ళు పోయి, గుండీ ఊడిందని వచ్చేవాళ్ళు మిగిలారు. చివరకు యజమాని స్థలం అమ్మేశాడు. సామాన్లు తెచ్చుకుందామని మొగుడూ పెళ్ళాం వెళ్ళేసరికి చెట్టు అప్పటికే నరికి పడేసి ఉంది. కొమ్మల కింద వెతికితే నలగని కాయ ఒకటి దొరికింది. అక్కడే మెట్ల మీద కూర్చుని చెరిసగం తిన్నారు. మాస్టరు గింజలు ఉమ్మబోతుంటే కాజాలమ్మ అరచేయి పట్టింది.

గింజలు ఎండనిస్తే మొలవవని ఆమె ఎక్కడో విని ఉంది. ఇంటికి వస్తూనే కడిగి మాస్టరు ముందు పెట్టింది. కుట్టు విప్పినంత ఓపికగా ఆయన గోటితో పై పొట్టు తీసి, తడిపిన లైనింగు గుడ్డలో చుట్టి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టాడు. చాలా గింజలు బూజు పట్టాయి. ఒక్కటి మాత్రం మొలిచింది. అదీ ఒక గింజలోంచి రెండు మొలకలు, ఒకటి బలంగా, ఒకటి దారప్పోగులా. మాస్టరు సన్నదాన్ని పీకేశాడు. పాపం ఉండనివ్వమని ఆమె అంటే, చొక్కాకు మూడో చేయి కుట్టమంటావా అన్నాడు. ఆ మొక్క డబ్బాలోంచి బకెట్లోకి, బకెట్లోంచి అడ్డంగా కోసిన నీలం డ్రమ్ములోకి మారింది. వాళ్ళు అద్దెకున్న పై వాటాకు వెనక ఒక సన్నని వరండా ఉంది, మీద రేకు, ముందు ఇనుప గ్రిల్లు. డ్రమ్ము అక్కడ కుదురుకుంది. పువ్వు పూసిన నాడు చూడాలి, కాయ కాసిన నాడు తినాలి అని కాజాలమ్మ ఆశ. పెద్ద ఆశలేం పెట్టుకోని మనిషికి ఆ ఒక్కటే మిగిలింది.

మాస్టరుకు ఒక రెడీమేడ్ బట్టల కొట్లో పని దొరికింది. పనంటే ప్యాంటు కాళ్ళు కురచ చేయడం. కోట్లు కత్తిరించిన చేయి పొద్దస్తమానం మెట్ల కింద మూలన కూర్చుని, పొడుగైన కాళ్ళను మడిచి కుట్టేది. కొట్టువాళ్ళు చిన్న కత్తెర ఒకటి ఇచ్చారు. దాన్ని చూసి మాస్టరు, "ఇది ముక్కులో వెంట్రుకలు తీసుకోడానికా?" అని అడిగాడట. తన పెద్ద కత్తెరను నూనె గుడ్డలో చుట్టి ఇంట్లో బీరువా మీద పెట్టేశాడు. ఆ తరువాత ఇంట్లో ఆయన గొంతు వినపడటం తగ్గింది. కూరలో ఉప్పు లేకపోయినా తిట్టేవాడు కాదు. కాజాలమ్మకు అదే భయం వేసింది. తిట్లు లేని మాస్టరు ఆమె ఎరిగిన మాస్టరు కాదు.

చెట్టు రేకుకు తగిలిన ఏడు ఆ కత్తెర మళ్ళీ కిందికి దిగింది. కొమ్మ రేకుకు గీసుకుని గాలి వీచినప్పుడల్లా కీచుమంటోందని కింద వాటాలోని ఇంటావిడ గొడవ పెట్టింది. ఆ గొడవ ఒక వంక మాత్రమే. రేకును తాకి వంకరపోయిన ఆ కొసను చూస్తే మాస్టరుకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది. సెలవు రోజు పొద్దున్నే స్నానం చేసి, కత్తెర సాన పట్టి, గ్రిల్లు కమ్ముల మీద సుద్దబిళ్ళతో అడ్డంగా గీత గీశాడు. ఆ గీత దాకా చెట్టును కత్తిరించాడు. కత్తిరించి రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూశాడు. స్టూలు మీద కూర్చుని రెమ్మలు ఏరుతున్న కాజాలమ్మ, "ఎడమ భుజం దిగింది మాస్టారూ" అంది. కొలతలు నాకు నేర్పుతావా అని ఆయన విరుచుకుపడ్డాడు. అప్పుడు ఆమె నవ్వింది. షాపు మూసిన తరువాత ఆ ఇంట్లో అదే మొదటి తిట్టు.

అది మొదలు ఏటేటా ఎండలు ముదరకముందు ఒకరోజు చెట్టుకు క్షవరం జరిగేది. సాన, సుద్దగీత, ఎడమ భుజం, తిట్లు. ఆ రోజంతా మాస్టరు మీసం మెలేసుకుంటూ తిరిగేవాడు. చెట్టు మాత్రం గుబురుగా, చూసినవాళ్ళు ముచ్చటపడేట్టు, దర్జీ కొట్లో బొమ్మకు తొడిగిన కోటులా చక్కగా పెరిగింది. ముళ్ళు వేలెడేసి పొడుగు. ఆకులు నిగనిగలాడేవి. పువ్వు మాత్రం పూయలేదు. డ్రమ్ములో పెరిగేవి ఆలస్యంగా పూస్తాయిలే అని మాస్టరు తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. కాజాలమ్మ ఔననేది కాదు, కాదనేది కాదు.

కాజాలమ్మ కడుపులో గడ్డ ఉందని తెలిసేసరికి అది ముదిరిపోయింది. ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని, డాక్టరు మాస్టరును పక్కకు పిలిచి, ఇంటికి తీసుకెళ్ళండి, ఏది తినబుద్ధయితే అది పెట్టండి అన్నాడు. కొలతలు తప్పని మనిషికి ఆ మాట పొడవూ వెడల్పూ వెంటనే తెలిసిపోయాయి. గాలి తగులుతుందని ఆమె మంచం వెనక వరండాలో చెట్టు పక్కన వేశాడు.

ఏం పెట్టమంటావంటే ఆమె ఏమీ వద్దనేది. ఒక మధ్యాహ్నం జ్వరంలో కళ్ళు మూసుకునే, "కుళాయి దగ్గర కాయ ఒక్కటి తెస్తావా" అంది. ఎవరితో అందో తెలియదు. ఆయనతో ఆమె ఎన్నడూ నువ్వు అని మాట్లాడలేదు. బహుశా కాజాలు కుట్టే రోజుల్లోని స్నేహితురాలు ఎవరో కలలో కనపడి ఉంటుంది. మాస్టరు లేచి చెప్పులేసుకుని వెళ్ళాడు. బజారులో దొరికిన నారింజలు, కమలాలు, బత్తాయిలు, పేరు తెలియనివి కూడా తెచ్చాడు. ఆమె ఒక్కో తొన నాలుకకు తాకించి, బాగుందని చెప్పి, పక్కన పెట్టేసింది. మంచం కింద పళ్ళు కుళ్ళిన వాసన మొదలైంది.

అప్పుడాయన చెట్టు రెమ్మ ఒకటి తుంచుకుని, కాజాలమ్మ ఎప్పుడూ మట్టి, ఎరువు కొనే నర్సరీకి వెళ్ళాడు. పూత తెప్పించే మందేదైనా ఉంటే ఇమ్మన్నాడు. నర్సరీ ఆవిడ రెమ్మ తిప్పి చూసింది. ముల్లును వేలితో కొలిచింది. గింజ మొక్కేనా, కొస కత్తిరిస్తున్నారా అని అడిగింది. ఏటా కత్తిరిస్తానని ఆయన కాస్త గర్వంగానే చెప్పాడు.

గింజ చెట్టుకు పసితనం ఉంటుందని ఆవిడ చెప్పింది. మనిషిలా ఒళ్ళంతా ఒకేసారి పెద్దదవదు. మొదలు ఎన్నాళ్ళయినా పసిదే, పైకి పోయేకొద్దీ ఈడొస్తుంది, పువ్వు పూసే ఈడు కొసకు వస్తుంది. ఆ కొస తీసేస్తే మళ్ళీ కింద నుంచి రావాలి. ఇంత పొడుగు ముళ్ళున్నాయంటే చెట్టు ఇంకా పసిదే. దీని రెమ్మ తీసి వేరే చెట్టుకు అంటు కట్టినా లాభం లేదు, ఆ పసితనం వెంట పోతుంది. పోనీ, కాస్తే ఆ పాత కాయే కాసేదా అని మాస్టరు అడిగాడు. ఒక గింజకు రెండు మొలకలొస్తే బలమైనది ఉంచానని ఆయన చెబితే, బలమైనదానికి తల్లి పోలికే వస్తుందని, చాలావరకు ఆ కాయే కాసేదని ఆవిడ అంది. వదిలేసి ఉంటే ఈపాటికి పూసేదేమో అని కూడా అంది. ఆయన మొహం చూసి ఆగిపోయి ఉండాల్సింది. ఆవిడకు అంత దూరం తోచలేదు.

"ఇదంతా మీ ఆవిడకు ఎప్పుడో చెప్పానండీ. రెండోసారి కత్తిరించినప్పుడే వచ్చి అడిగింది. మీకు చెప్పలేదా?"

మాస్టరు ఇంటికి వచ్చిన దారి ఆయనకు గుర్తు లేదు. ముందు సిగ్గు వేసింది. ఇన్నేళ్ళూ ఏటేటా సాన పట్టి మరీ ఆమె నోటి దగ్గర కాయ కోసేసింది తనే. ఆ వెనకే కోపం వచ్చింది, సిగ్గు కన్నా పెద్దది. తెలిసి, స్టూలు మీద కూర్చుని నవ్వుతూ రెమ్మలు ఏరిందా? ఎడమ భుజం దిగిందని ఆటపట్టించిందా? చావుబతుకుల్లో ఉన్న మనిషి మీద కోపం తెచ్చుకోకూడదని ఆయనకు తెలుసు. తెలిసినా వచ్చింది. వరండాలోకి వెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా మంచం పక్కన నిలబడ్డాడు.

"నీకు తెలుసా?"

ఆమె ఆయన చేతిలో వాడిన రెమ్మ చూసింది. దాచే ఓపిక లేదు కాబోలు, తెలుసంది.

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు? ఒక్క మాట అంటే ఆపేవాణ్ణి కదా."

"ఆపేవారనే ఊరుకున్నా. ఆపితే ఆ కత్తెర మళ్ళీ నూనె గుడ్డలోకి పోయేది. షాపు మూసేశాక మీరు నన్ను తిట్టడం కూడా మానేశారు మాస్టారూ. ఏడాదికి ఆ ఒక్కరోజే తిట్టేవారు. కాయంటే నాకూ ఆశ ఉండేది. దానికోసం ఆ రోజు కూడా పోగొట్టుకోలేకపోయా."

ఆ మాటకు మాస్టరు కరిగిపోయాడని రాస్తే బాగుంటుంది. కరగలేదు. చెప్పుతో కొట్టినా అంత బాధ ఉండేది కాదు. తను ఇంటికి పెద్ద అనుకుంటున్నాడు గానీ, ఇన్నేళ్ళూ తనను పసిపిల్లాడిలా కత్తెర ఇచ్చి ఆడించింది ఆమె. తన మీద జాలిపడి ఆమె తన ఒక్క ఆశ వదులుకుంది. అది తీర్చడానికి ఇప్పుడు బజారంతా వెతికినా దారి లేదు. ఆయన వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చాడు. కాజాలమ్మకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

ఎండలు ముదిరే రోజులు దగ్గరకు వచ్చాయి. చెట్టు కొస మళ్ళీ రేకును తాకింది. మాస్టరు అటు చూడటం మానేశాడు. ఆమె మాత్రం పడుకుని రోజూ దాన్నే చూసేది. ఒక పొద్దున, ఇవాళ కత్తిరించమని అడిగింది. ఆయన వల్ల కాదన్నాడు. కొస వదిలేస్తానని, వచ్చే ఏడో ఆపై ఏడో పూస్తుందని అన్నాడు.

"ఎవరికి పూస్తుంది? నాకు అది ఎలాగూ అందదు. ఆ రోజునైనా చూడనివ్వండి."

మాస్టరు బీరువా మీది నుంచి కత్తెర దించాడు. సాన పట్టాడు. స్నానం చేసి వచ్చి గ్రిల్లు మీద గీత గీశాడు, పాత గీతల మరకల మీదే. మొదటి కొమ్మ పట్టుకుని కొస దాకా ఒకసారి చూశాడు. ఆమె చూస్తోంది కాబట్టి కత్తిరించాడు. గీత పైన ఉన్నదంతా, ఇంకొన్నాళ్ళకు పూతకొచ్చేవో రానివో ఆ కొసలన్నీ, రెమ్మా రెమ్మా తీసేశాడు. ఏరేవాళ్ళు లేక రెమ్మలు మంచం మీద, ఆమె దుప్పటి మీద పడ్డాయి. అయిపోయాక రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాడు. కాసేపటికి సన్నగా వినపడింది.

"ఎడమ భుజం దిగింది మాస్టారూ."

ఆయన నోరు తెరిచాడు. తిట్టు రాలేదు. ఎంత వెతుక్కున్నా ఒక్క తిట్టు కూడా నోటికి రాలేదు. ఆమె ఆయన మొహంలోకే చూస్తూ ఎదురుచూసింది. చివరకు ఆయన, "కొలతలు నాకు నేర్పుతావా" అన్నాడు గానీ, ఆ గొంతులో పస లేదు. అయినా ఆమె నవ్వబోయింది. దుప్పటి మీద పడ్డ ఆకు ఒకటి తీసి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది.

"ఇదే వాసన. కాయ కోసినప్పుడు చేతులకు అంటుకునేది," అంది.

కొత్త చిగుళ్ళు వచ్చే లోపే ఆమె పోయింది.

మరుసటి ఏడు కొమ్మలు రేకుకు తగిలాయి. కీచుమంటున్నాయని ఇంటావిడ కింద నుంచి కేకేసింది. మాస్టరు సెలవు రోజు స్నానం చేసి, కత్తెర దించి, సాన పట్టి, గీత కూడా గీశాడు. స్టూలు ఎప్పటి చోటే ఉంది. కొమ్మ పట్టుకుని అటు చూశాడు. భుజం దిగిందో లేదో చెప్పేవాళ్ళు లేరు. కత్తిరిస్తే ఎవరికోసం, వదిలేస్తే ఎవరికోసం అని ఆయన అక్కడే చాలాసేపు నిలబడిపోయాడు. చివరకు కత్తెరను మళ్ళీ నూనె గుడ్డలో చుట్టేశాడు.

చెట్టును ఆ తరువాత ఎవరూ కత్తిరించలేదు. కొస రేకుకు తగిలి, వంగి, దారి వెతుక్కుంటున్నట్టు రేకు వెంట పక్కకు పాకుతూ పోయింది. పొద్దున పనికి పోయే ముందు మాస్టరు డ్రమ్ములో చెంబెడు నీళ్ళు పోస్తాడు. పువ్వు వచ్చిందేమోనని తలెత్తి మాత్రం చూడడు.